పూలమొక్క కొనే ముందు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి

చలికాలం మన పెరళ్లకు పండగ కాలం. బంతి, చామంతి, డిసెంబరు పూలు విరగబూసేది ఇప్పుడే. పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్ కుండీలతో నర్సరీలు కళకళలాడుతుంటాయి. కొనేటప్పుడు రంగు చూస్తాం, ధర అడుగుతాం. వాటితో పాటు ఇంట్లో పసిపిల్లలు, అలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లు ఎవరున్నారో కూడా గుర్తు చేసుకోవాలి.

పసిపిల్లలుంటే...

గన్నేరు, పచ్చగన్నేరు నీళ్లు పెద్దగా అడగవు, పూలకూ లోటుండదు. అందుకే చాలామంది గోడవారగా పెంచుతారు. కానీ ఈ రెండింటిలోనూ గుండె లయను దెబ్బతీసే విషం ఉంది. ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజ మరీ ప్రమాదం. ఎండినా విషం పోదు. ప్రభుత్వాసుపత్రుల్లో మాకు ఈ కేసులు కొత్త కాదు. ముందు వాంతులు, విరేచనాలు అవుతాయి. తర్వాత గుండె వేగం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

పిల్లలు గింజ కొరికారని అనుమానం వచ్చినా చాలు, 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. ఆ గింజనో కొమ్మనో వెంట తీసుకెళ్లండి. బిడ్డ హుషారుగా కనిపించినా ఈసీజీ చూసి, డాక్టర్ పంపేదాకా ఆసుపత్రిలోనే ఉండాలి.

మచ్చల ఆకుల డిఫెన్‌బేకియాను కూడా పిల్లలకు అందకుండా ఉంచండి. దాన్ని కొరికితే ఆకులోని సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నోరు, నాలుక వాచిపోతాయి. క్రిస్మస్‌కు కొనే ఎర్రాకుల పాయిన్‌సెట్టియా అంత ప్రమాదకరం కాదు. దాని పాలు తగిలితే చర్మం, కళ్లు మండుతాయి.

చర్మ అలర్జీ ఉంటే...

వయ్యారిభామ పడనివారికి చామంతి కూడా పడకపోవచ్చు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. బంతీ అదే కుటుంబం. పూలు కోశాక చేతులు, ముఖం, మెడ దురద పెట్టి ఎర్రబడుతుంటే చర్మ వైద్యుడికి చూపించండి. అలాంటివారు డిసెంబరు పూలు, పెటూనియా పెంచుకోవచ్చు.

ఆస్తమా ఉంటే...

రంగురంగుల పూల పుప్పొడి చాలావరకు బరువుగా, జిగటగా ఉంటుంది. దాన్ని తేనెటీగలు మోసుకెళ్తాయి. గాలిలో ఎగిరి ఊపిరితిత్తుల్లోకి చేరేది ఎక్కువగా గడ్డి పుప్పొడి. కాబట్టి లాన్ ఉంటే గడ్డి కంకి వేయకముందే కత్తిరించండి. ఘాటైన వాసన పడనివారు అలాంటి పూలను పడకగది కిటికీకి దూరంగా పెట్టుకోవాలి. తెల్లవారుజామున మంచులో కాకుండా, ఎండ వచ్చాక మొక్కలకు నీళ్లు పోయండి.

కుండీ కింద పళ్లెం

ఎవరింట్లోనైనా తప్పనిసరిగా చూడాల్సింది ఇది. పళ్లెంలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. నీళ్లు ఎండినా అంచుకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి పారబోస్తే సరిపోదు. వారానికోసారి పీచుతో రుద్ది కడగండి.

ఇంట్లో ఇప్పటికే గన్నేరు ఉండి, పసిపిల్లలు తిరుగుతుంటే తీయించేయడమే మేలు. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. నరికిన కొమ్మలను తగలబెట్టవద్దు, ఆ పొగ కూడా హాని చేస్తుంది. పశువులకు అందేచోట పడేయవద్దు. ఆ జాగాలో డిసెంబరు పూల మొక్క నాటండి. వచ్చే చలికాలానికి గోడంతా పూలే.