మధుమేహం – కంటిచూపు: రెండు వేరువేరు పరీక్షలు

వెల్లింగ్టన్ నగరంలో స్థిరపడిన తెలుగు గృహస్థు ఒకరికి ఐదారేళ్ళుగా మధుమేహం ఉన్నదని అనుకుందాం. ఆయన క్రిందటి నెలలోనే లాంబ్టన్ కీ వీధిలోని కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళి, గోడమీది పట్టికలోని అక్షరాలను చివరి వరుస దాకా చదివి, క్రొత్త అద్దాలతో ఇంటికి తిరిగి వచ్చారు. కొద్ది రోజులకు, కంటి ఛాయాచిత్రాలు తీయించుకోవడానికి రమ్మని ఉత్తరం వచ్చింది. "ఇప్పుడే కదా కళ్ళు చూపించుకున్నాము" అనుకొని ఆయన ఆ ఉత్తరాన్ని బల్లసొరుగులో పడవేశారు. చదువుకున్న కుటుంబాలలో కూడ జరిగే పొరపాటు ఇది. అద్దాల కోసం చేసే పరీక్ష వేరు, మధుమేహం కంటికి చేసే హానిని కనిపెట్టే పరీక్ష వేరు. మొదటిది చూపు ఎంత స్పష్టంగా ఉన్నదో చెబుతుంది. రెండవది ఆ చూపు ముందుముందు నిలుస్తుందా అన్నది చెబుతుంది.

కంటిలో జరిగేదేమిటి?

కంటి వెనుక గోడకు అంటుకొని ఉండే పలుచని పొరను నేత్రపటలం లేక రెటీనా అంటారు. కెమెరాలో ఫిల్ము చేసే పనిని కంటిలో ఇది చేస్తుంది. ఈ పొరకు ప్రాణవాయువు అవసరం చాల ఎక్కువ. దానిని అందించేవి వెంట్రుకకంటె ఎంతో సన్నమైన కేశనాళికలు.

రక్తంలో గ్లూకోజు ఏళ్ళ తరబడి అధికంగా ఉంటే అది ప్రోటీన్లకు అంటుకొనిపోతుంది. రొట్టె కాలేటప్పుడు పైభాగం గోధుమ వన్నెకు మారడానికి కారణమైన రసాయనిక చర్యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెయిలార్డ్ 1912లో వివరించాడు. ఆ కోవకు చెందిన చర్యే శరీరపు వేడిమిలో, అతి నెమ్మదిగా, రక్తనాళాల గోడలలోను జరుగుతుంది. రక్తపరీక్షలో వైద్యులు చూసే "హెచ్‌బి ఎ1సి" అన్న అంకె కూడ ఇటువంటిదే. హిమోగ్లోబిన్‌లో ఎంత భాగానికి గ్లూకోజు అంటుకొన్నదో అది తెలుపుతుంది.

ఇటువంటి మార్పుల వలన కేశనాళికల గోడలు బలహీనపడి, అక్కడక్కడ బుడిపెలవలె ఉబ్బుతాయి. వాటినుండి రక్తము, ద్రవము కారుతాయి. ఆ ద్రవం రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో చేరితే చదివే చూపు మసకబారుతుంది. కొన్ని నాళికలు పూర్తిగా మూసుకొనిపోతే, ప్రాణవాయువు అందని రెటీనా "విఇజిఎఫ్" అనే ప్రోటీనును విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో క్రొత్త రక్తనాళాలు పుడతాయి గాని అవి మిక్కిలి పెళుసు. అవి చిట్లితే కంటిలో రక్తస్రావం జరిగి, చూపు ఒక్కసారిగా పోవచ్చును. విషాదమేమంటే, ఈ మార్పులు చాలవరకు ముదిరేదాకా నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. అక్షరాల పట్టిక అంతా చదవగలిగిన కంటిలో కూడ ఈ వ్యాధి దాగి ఉండవచ్చును.

సకాలంలో కనిపెడితే చికిత్స ఉన్నది. ముదిరిన దశలో లేసర్ చికిత్స తీవ్రమైన దృష్టినష్టాన్ని సగానికైనా తగ్గిస్తుందని అమెరికాలో 1970లలో జరిగిన పెద్ద అధ్యయనం నిరూపించింది. విఇజిఎఫ్‌ను అడ్డగించే ఇంజెక్షన్లు ఈ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. నివారణ ఇంకా మేలు. మొదటి రకం మధుమేహం ఉండి, అప్పటికి రెటీనా చెడని వారిలో గ్లూకోజును కట్టుదిట్టంగా అదుపు చేస్తే ఈ వ్యాధి సోకే అవకాశం 76 శాతం తగ్గినట్లు 1993లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

ఉచితంగా లభించేది, లభించనిది

న్యూజిలాండ్‌లో ప్రభుత్వ వైద్యసేవలకు అర్హత గల మధుమేహ రోగులకు రెటీనా పరీక్ష ఉచితం. కుటుంబ వైద్యుడు పేరు పంపితే పిలుపు వస్తుంది. ప్రాంతాన్ని బట్టి ఆసుపత్రిలోనో, ఒప్పందం కుదుర్చుకొన్న ఆప్టోమెట్రిస్టు వద్దనో ఛాయాచిత్రాలు తీస్తారు. శిక్షణ పొందినవారు వాటిని పరిశీలించి వ్యాధి దశను నిర్ణయిస్తారు. మార్పులేమీ లేనివారికి సాధారణంగా రెండు మూడేళ్ళకొకసారి, మార్పులు ఉన్నవారికి అంతకంటె త్వరగా తిరిగి పరీక్ష చేస్తారు. ముందే మధుమేహం ఉన్న స్త్రీ గర్భవతి అయితే తొలి మూడు నెలలలోనే పరీక్ష అవసరం.

కనుపాప విప్పారడానికి వేసే చుక్కల మందు ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. ఆ సమయంలో కారు నడపరాదు. జాన్సన్‌విల్ నుండి వచ్చేవారు రైలెక్కడమో, ఇంకొకరిని తోడు తెచ్చుకోవడమో మంచిది. ఎండ కళ్ళద్దాలు వెంట ఉంచుకోవాలి.

కళ్ళద్దాల కోసం చేయించుకొనే పరీక్ష మాత్రం పెద్దవారికి ఈ పథకంలో చేరదు. ఇంగ్లండులో మధుమేహం ఉన్నవారికి అదీ ఉచితమే కనుక, అక్కడి బంధువుల మాట విని ఇక్కడా అలాగే అనుకోరాదు. సందర్శక వీసాపై వచ్చిన తల్లిదండ్రులకు రెటీనా పరీక్ష కూడ ఉచితం కాదు. వారు బయలుదేరక ముందే స్వదేశంలో పరీక్ష చేయించుకొని, నివేదికను వెంట తెచ్చుకోవడం ఉత్తమం. హైదరాబాదులో 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటివి అక్కడ అందుబాటులో ఉన్నాయి.

దుకాణాన్ని ఎంచుకోవడం

న్యూజిలాండ్‌లో కళ్ళను పరీక్షించి అద్దాల నంబరు వ్రాసేవారు ఆప్టోమెట్రిస్టులు, ఆ నంబరు ప్రకారం అద్దాలను అమర్చి ఇచ్చేవారు డిస్పెన్సింగ్ ఆప్టీషియన్లు. 2003 నాటి చట్టం క్రింద ఇరువురూ తమ వృత్తి మండలిలో నమోదు కావాలి. ఆ పట్టికను ఎవరైనా చూడవచ్చును. ఫ్రేముల ధరలకంటె ముందు ఈ క్రింది విషయాలు విచారించాలి.

మొదటిది, మధుమేహం ఎన్నేళ్ళుగా ఉన్నదో, ఇటీవలి రక్తపరీక్ష ఫలితమేమిటో పరీక్షకునికి ముందే చెప్పాలి. రెండవది, చుక్కలు వేసి కంటి వెనుక భాగాన్ని చూస్తారా, ఛాయాచిత్రాలకు గాని పొరలవారీ స్కానింగుకు గాని వేరే రుసుము ఉన్నదా అని అడగాలి. మూడవది, ఫలితాన్ని కుటుంబ వైద్యునికి పంపమని కోరాలి. నాలుగవది, అద్దాల నంబరు ప్రతిని తీసుకోవాలి. దానితో అద్దాలు మరొక చోట కూడ చేయించుకోవచ్చును.

ఇంకొక సంగతి. గ్లూకోజు బాగా హెచ్చుతగ్గులైనప్పుడు కంటి కటకంలో నీటి పరిమాణం మారి, చూపు నంబరు తాత్కాలికంగా మారుతుంది. కనుక మధుమేహం క్రొత్తగా బయటపడినవారు, మందులు క్రొత్తగా మొదలుపెట్టినవారు గ్లూకోజు కుదుటపడేవరకు కొన్ని వారాలు ఆగి అద్దాలు కొనడం మంచిది. లేకుంటే ఆ ఖర్చు వృథా కావచ్చును. అయితే ఆగవలసింది అద్దాలకే గాని రెటీనా పరీక్షకు కాదు.

దక్షిణాసియా ప్రజలకు మధుమేహం ఇతరులకంటె చిన్న వయసులోనే, అంతగా లావు లేకున్నా వస్తుంది. న్యూజిలాండ్‌లో 2018 నాటి మార్గదర్శకాలు దక్షిణాసియా పురుషులకు 30, స్త్రీలకు 40 ఏళ్ళనుండే గుండెజబ్బు, మధుమేహాల అంచనాను సూచించడానికి ఇటువంటి కారణాలే ఉన్నాయి. తనకు మధుమేహం ఉన్నదని తెలియనివారికి కంటి పరీక్షకు పిలుపు కూడ రాదు.

కంటి ముందు హఠాత్తుగా నల్లని మచ్చలు తేలినా, తెర పడినట్లు తోచినా, ఒక కంటి చూపు తగ్గినా పిలుపు కోసం ఎదురుచూడరాదు. ఆ రోజే వైద్యుని సంప్రదించాలి.

ఇక ఆ బల్లసొరుగులోని ఉత్తరం. చాల ఇళ్ళలో అటువంటిది ఒకటి ఉండవచ్చును. దానిని ఈ రోజే బయటకు తీసి, అందులోని నంబరుకు ఫోను చేసి, పరీక్షకు ఒక తేదీ నిర్ణయించుకోవడం మేలు. అందుకు పట్టేది ఐదు నిమిషాలు. కాపాడుకోగలిగేది జీవితాంతపు చూపు.