పొగ తిప్పే చక్రం

ఒకటిన్నర టన్నుల కారు చదునైన రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవడానికి ఎంత శక్తి కావాలి? లెక్క కష్టమైనదేమీ కాదు. టైర్లు దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం సుమారు 150 న్యూటన్లు, గాలి నిరోధం సుమారు 300 న్యూటన్లు. రెండూ కలిపి వేగంతో గుణిస్తే పన్నెండున్నర కిలోవాట్లు, అంటే దాదాపు 17 హార్స్‌పవర్. వేగం 130కి పెరిగితే 32 హార్స్‌పవర్ కావాలి. 100 హార్స్‌పవర్ అవసరం పడేది వేగం 200 చేరినప్పుడే. పికప్ చూసి కొనే కార్లలో మాత్రం 200, 300 హార్స్‌పవర్ ఇంజిన్లు ఉంటాయి. ముందున్న లారీని దాటే పది సెకన్లలోనో, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో తప్ప ఆ బలంలో ఎక్కువ భాగానికి పని పడదు. పని లేకపోయినా దాన్ని మోస్తున్నందుకు రోజూ పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది. ఆ ఖర్చు తగ్గించడానికి దొరికిన ఉపాయాల్లో చాలా తెలివైనది టర్బోచార్జర్. అయితే అది చేసే పొదుపుకు ఒక షరతు ఉంది. దాచిన బలం దాచినట్టే ఉన్నంతసేపే ఆ పొదుపు నిలుస్తుంది. టర్బో చరిత్ర అంతా ఆ షరతును సడలించడానికి ఇంజనీర్లు పడిన పాట్ల చరిత్రే.

వాడని బలానికి ఖర్చెందుకు? పెట్రోల్ ఇంజిన్‌లో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కలవాలి. సైలెన్సర్ దారిలో పొగను శుద్ధిచేసే పరికరం సరిగా పనిచేయాలంటే ఈ కొలత తప్పకూడదు. కాబట్టి తక్కువ శక్తి చాలనుకున్నప్పుడు పెట్రోలు ఒక్కటే తగ్గిస్తే కుదరదు, గాలినీ బిగపట్టాలి. అందుకే గాలి దారిలో ఒక రెక్క అడ్డంగా మూసుకుంటుంది. అప్పుడు పిస్టన్ ప్రతిసారీ మూతబడ్డ దారిలోంచి ఊపిరి పీల్చుకోవలసి వస్తుంది, దానికే కొంత శక్తి పోతుంది. ఇంజిన్ పెద్దదైతే ఈ నష్టమూ పెద్దది, రాసుకునే లోహపు ఉపరితలాల ఘర్షణా ఎక్కువే. ఒక్కరికి అన్నం వండడానికి పెళ్లి గుండిగను పొయ్యి మీద పెడితే, అన్నం కన్నా ముందు గుండిగ వేడెక్కుతుంది. తీరిగ్గా తిరిగే పెద్ద ఇంజిన్‌ది ఆ పరిస్థితే. అదే 17 హార్స్‌పవర్ కోసం చిన్న ఇంజిన్ కాస్త గట్టిగా పనిచేస్తే తక్కువ పెట్రోలు తాగుతుంది. చిక్కల్లా ఆ చిన్న ఇంజిన్ లారీని దాటే పది సెకన్లలో పెద్ద ఇంజిన్‌లా మారగలగడం దగ్గరే.

ఆ మార్పుకు దారి చూపినవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ. ఇంజిన్‌లో మండే ఇంధనపు శక్తిలో సుమారు మూడో వంతు వేడి పొగగా బయటికి పోతుంది. ఆ పొగకు ఒక పంకా అడ్డుపెట్టి, అదే ఇరుసు మీది ఇంకో పంకాతో బయటి గాలిని ఇంజిన్‌లోకి దట్టించవచ్చని ఆయన 1905లో పేటెంటు కోరాడు. ఎక్కువ గాలి వెళ్తే ఎక్కువ ఇంధనం మండించవచ్చు, ఇంజిన్ పరిమాణం పెరగకుండానే బలం పెరుగుతుంది. ఆలోచన నిలదొక్కుకోవడానికి ఇరవయ్యేళ్లు పట్టింది. 1920ల నడుమ రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజిన్లలో టర్బో అమర్చినప్పుడు ఒక్కో ఇంజిన్ బలం 1,750 నుంచి 2,500 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఈలోగా 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్, అమెరికాలోని పైక్స్ శిఖరం మీద, 4,300 మీటర్ల ఎత్తులో, విమానపు ఇంజిన్‌కు టర్బో బిగించి పరీక్షించాడు. పలచని గాలిలో చతికిలబడే ఇంజిన్‌కు అది నేల మీది బలాన్ని తిరిగి ఇచ్చింది. ఓడలకు, లారీలకు, విమానాలకు ఇలా ఒదిగిన యంత్రం పెట్రోల్ కారు దగ్గరికి వచ్చేసరికి మొరాయించింది.

కారణం నాకింగ్. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ అదిమేది గాలిని మాత్రమే. పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని అదుముతుంది. టర్బో ముందే దట్టించి పంపిన మిశ్రమాన్ని మళ్లీ అదిమితే, ప్లగ్గు నిప్పురవ్వ నుంచి మంట పాకేలోపే కొంత భాగం దానంతటదే భగ్గుమని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ దీన్ని ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మేది. ఆ ద్రవం సీసా నింపే బాధ్యత కొన్నవారిదే కావడంతో రెండేళ్లకే దాని కథ ముగిసింది. తర్వాతివారు సులువైన దారి పట్టారు: మిశ్రమాన్ని తక్కువగా అదమడం. ఎన్ని రెట్లు అదుముతామో చెప్పే కొలతను కంప్రెషన్ రేషియో అంటారు. 1973 నాటి బీఎండబ్ల్యూ 2002 టర్బోలో అది 6.9, ఆ వెంటే వచ్చిన పోర్షె 911 టర్బోలో 6.5. నాకింగ్ ఆగింది కానీ సామర్థ్యం చేజారింది. ఆదర్శ ఇంజిన్ సూత్రం ప్రకారం 10 రెట్లు అదిమితే ఇంధన శక్తిలో 60 శాతం పనిగా మారాలి, 6.5 రెట్లయితే 53 శాతమే. నిజం ఇంజిన్లు ఈ అంకెలకు చాలా కిందే ఉంటాయి గానీ, తేడా దిశ మాత్రం ఇదే. టర్బో నిద్రపోతున్నప్పుడు కూడా, అంటే ఊళ్లో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా, ఈ నష్టం తప్పదు. చమురు సంక్షోభం విరుచుకుపడ్డ సంవత్సరమే మార్కెట్‌లోకి వచ్చిన 2002 టర్బో 1,672 కార్లతో ఆగిపోయింది. టర్బో అంటే పెట్రోలు తాగేది అన్న చెడ్డపేరు అప్పటిదే, ఆనాటికి అది న్యాయమైన పేరే.

ఆ పేరును చెరిపే పని స్వీడన్‌లో మొదలైంది. 1977లో సాబ్ కంపెనీ తన 99 టర్బోలో కావాలనే చిన్న టర్బో పెట్టింది. గరిష్ఠ వేగం కోసం కాక, రోజూ నడిపే మధ్య వేగాల్లో బలం అందడం కోసం ఇలా చేసింది. అయినా కంప్రెషన్ రేషియో 7.2 దగ్గరే ఉండిపోయింది. 1982లో ఆ కంపెనీయే ఇంజిన్‌కు ఒక చెవి అమర్చింది. నాకింగ్ మొదలైన క్షణంలోనే ఆ శబ్దాన్ని పట్టి టర్బో ఒత్తిడిని తగ్గించే ఎలక్ట్రానిక్ ఏర్పాటది. ఎప్పుడో రాబోయే ప్రమాదానికి భయపడి ఎల్లప్పుడూ తక్కువగా అదమాల్సిన అవసరం పోయింది, రేషియో 8.5కు చేరింది. తర్వాత దట్టించిన గాలిని దారిలో చల్లబరిచే ఇంటర్‌కూలర్లు మామూలయ్యాయి. ఈ శతాబ్దం మొదట్లో పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి టర్బోతో జతకట్టింది. లోపల ఆవిరయ్యే పెట్రోలు, కుండలో నీటిని చల్లబరిచే చెమ్మలాగా, చుట్టూ ఉన్న గాలి వేడిని లాగేసుకుంటుంది. 2017 నాటికి ఫోక్స్‌వాగన్ తన 1.5 లీటర్ల టర్బో ఇంజిన్‌లో ఒకదానికి 12.5 రేషియో ఇవ్వగలిగింది. 6.5 నుంచి 12.5 దాకా సాగిన ఈ ప్రయాణమే టర్బో మైలేజీ అసలు కథ.

ఫలితం రోడ్డు మీద కనిపించిందా? హోండా సివిక్ ఎస్ఐ మంచి సాక్ష్యం. 2015 మోడల్‌లో టర్బో లేని 2.4 లీటర్ల ఇంజిన్, 205 హార్స్‌పవర్. 2017 మోడల్‌లో 1.5 లీటర్ల టర్బో, బలం అంతే. అమెరికా ప్రభుత్వ అంచనాలను మన కొలతల్లోకి మారిస్తే పాతది ఊళ్లో లీటరుకు 9.4, హైవే మీద 13.2 కిలోమీటర్లు ఇస్తే, కొత్తది 11.9, 16.2 ఇచ్చింది. ఈ లాభమంతా టర్బో ఖాతాలో వేయకూడదు, కారు కొత్తది, కాస్త తేలిక కూడా. కానీ గమనించవలసింది ఇంకొకటి ఉంది. పాత ఇంజిన్ తన గరిష్ఠ టార్క్ (ఇరుసును తిప్పే బలం) కోసం నిమిషానికి 4,400 చుట్లు తిరగాలి, కొత్తది అంతకన్నా ఎక్కువ టార్క్‌ను 2,100 చుట్ల దగ్గరే ఇస్తుంది. పై గేరులో నెమ్మదిగా తిరుగుతూనే బండిని లాగగలదు కాబట్టి గేరు దించి ఇంజిన్‌ను అరిపించాల్సిన పని తగ్గుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. 2014 షెవ్రొలె కార్వెట్‌లో టర్బో లేదు, 6.2 లీటర్ల వీ8 ఉంది, 450 హార్స్‌పవర్ పైమాటే. అయినా హైవే మీద దాని అంచనా లీటరుకు 12.3 కిలోమీటర్లు. పెద్ద ఇంజిన్ ఇంత ఇస్తుంటే టర్బో ఎందుకు? జవాబు ఆ ప్రభుత్వ అంచనాల పట్టికలోనే, పక్క గడిలో ఉంది: ఊళ్లో అది ఇచ్చేది 7.2 మాత్రమే. హైవే మీద గాలి నిరోధం పెద్ద ఇంజిన్‌కు కూడా కొంత పని కల్పిస్తుంది, ఎత్తయిన గేరు చుట్లు తగ్గిస్తుంది, అవసరం లేనప్పుడు సగం సిలిండర్లను నిద్రపుచ్చే ఏర్పాటూ దానికి ఉంది. ఊళ్లో ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు గుండిగ గుండిగే. అంటే చిన్న టర్బో ఇంజిన్ ఆధిక్యం ఊళ్లో ఎక్కువ, హైవే మీద తక్కువ. వేగం 130 దాటాక అది ఇంకా కరుగుతుంది, ఎందుకంటే 100 నుంచి 130కి పోతే ప్రతి కిలోమీటరుకూ కావలసిన శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. దాచిన బలాన్ని టర్బో బయటికి తీయక తప్పదు.

రెండో అభ్యంతరం పరీక్షల మీద. చిన్న టర్బో ఇంజిన్లు తమ పరీక్షల్లో చెప్పినంత మైలేజీ ఇవ్వలేదని 2013లో అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ రాసింది. అది నిజమైన ఫిర్యాదు. మైలేజీ అంకె తేల్చే అధికారిక పరీక్ష ఎంత మెత్తగా ఉండగలదో యూరప్ పాత పద్ధతి చూపుతుంది. అందులో కారు సున్నా నుంచి 50 కిలోమీటర్ల వేగానికి 26 సెకన్లు తీసుకునేది. ఏ డ్రైవరూ అంత మెల్లగా కదలడు. అంత మెత్తటి పరీక్షలో టర్బో మేల్కొనే అవసరమే రాదు. రోడ్డు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు వేరే కథ నడుస్తుంది. పొగ వేడి వెయ్యి డిగ్రీల దగ్గరికి చేరుతుంటే, టర్బో రెక్కలు కరగకుండా కాపాడడానికి చాలా ఇంజిన్లు అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతాయి. ఆ అదనపు పెట్రోలు చక్రాలను తిప్పదు, లోహాన్ని చల్లబరుస్తుంది. కాబట్టి తప్పు టర్బోది అనడం కన్నా, దాని రెండు ముఖాల్లో ఒక్కదాన్నే కొలిచిన పరీక్షది అనడం సబబు.

కొలత కట్టుదిట్టంగా ఉంటే టర్బో ఏం చేయగలదో 1988 ఫార్ములా వన్ చూపించింది. ఆ ఏడు టర్బో కార్లకు ఒక్కో రేసుకు 150 లీటర్ల పెట్రోలే అనుమతించారు, టర్బో లేనివాటికి ఆ పరిమితి లేదు. అయినా 16 రేసుల్లో 15 మెక్‌లారెన్ హోండా టర్బో కార్లే గెలిచాయి. ఆ జట్టు డ్రైవర్లు సెన్నా, ప్రోస్ట్‌ల నైపుణ్యానికీ, కారు నిర్మాణానికీ అందులో పెద్ద వాటా ఉంది. అయినా ప్రతి లీటరుకూ లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ ఇంజిన్ వెనకబడలేదన్నది మాత్రం కాదనలేం.

మన దేశానికి ఈ విషయం దూరమైంది కాదు. నాలుగు మీటర్లు మించని, 1,200 సీసీ దాటని పెట్రోల్ కార్లకు పన్ను తక్కువ కావడంతో కంపెనీలు చిన్న ఇంజిన్‌లోంచే బలం పిండే దారి వెతికాయి. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలోనూ ఒక లీటరు టర్బో పెట్రోల్ కార్లు తయారవుతున్నాయి. అయితే వీటిని కొనేవారికి కంపెనీ చెప్పేది సాధారణంగా ఒకే ఒక్క మైలేజీ అంకె. ఆ అంకె వచ్చిన పరీక్షలో వేగం 90 దాటదు, మన ఎక్స్‌ప్రెస్‌వేల మీద మాత్రం 120 దాకా పోవచ్చు. టర్బో లేని రోజుల్లో ఈ తేడా అంతగా బాధించేది కాదు. ఒకే ఇంజిన్‌లో చిన్నదీ పెద్దదీ రెండూ కాపురముంటున్న ఈ రోజుల్లో ఒక్క అంకె సగం నిజమే చెబుతుంది. ఊరికి ఒకటి, 120 వేగానికి ఒకటి, రెండు అంకెలూ బండి కాగితాల మీద అచ్చువేయాలి. బ్యూషీ చక్రం వృథాగా పోయే పొగలోంచి బలం తీసింది. ఆ బలానికి ఎప్పుడు ఎంత ఖరీదవుతుందో ముందే తెలిసినవాడే దాన్ని పొదుపుగా వాడుకోగలడు.