ప్రొపెల్లర్‌కు పదును: గట్టు మీది మాటలు, నీళ్లలోని నిజాలు

రేడియో కంట్రోల్ బోటు నడిపేవాళ్లు మోటారు గురించి గంటలు మాట్లాడతారు, బ్యాటరీల గురించి వాదించుకుంటారు. ప్రొపెల్లర్ మాత్రం ప్యాకెట్‌లోంచి తీసింది తీసినట్టు షాఫ్ట్‌కు ఎక్కిపోతుంది. ఆ మోటారూ ఆ బ్యాటరీ పుట్టించే శక్తంతా నీళ్లకు చేరేది నాలుగైదు సెంటీమీటర్ల ఈ వస్తువు ద్వారానే. దీనికి పదును పెట్టడం, బ్యాలెన్స్ చేయడం ఇంట్లో బల్ల ముందు కూర్చుని నేర్చుకోగల పని. ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. కానీ ఈ పని చుట్టూ చేరిన నమ్మకాల్లో కొన్ని ప్రొపెల్లర్‌ను పాడుచేస్తాయి, ఒకటైతే ఊపిరితిత్తులకే ఎసరు పెడుతుంది. ఆకురాయి ఎక్కడ తగలకూడదో తెలియడమే ఇందులో అసలైన నేర్పని నా నమ్మకం. కింద చెప్పేదంతా ఆ దృష్టితోనే చదవండి.

అపోహ: కొత్త ప్రొపెల్లర్ అన్నీ సరిచూసుకునే వస్తుంది.

పోటీల్లో ఎక్కువగా కనిపించే ఆక్టురా వంటి బెరీలియం కాపర్ ప్రొపెల్లర్లు పోత పోసినవి. చాలావరకు అవి పోత గరుకు పోకుండానే చేతికొస్తాయి. ఒక రెక్క మందంగా, ఇంకోటి పల్చగా ఉండొచ్చు. ముందంచు మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. కొన్నవాళ్లే దాన్ని తయారుచేసుకోవాలన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన ఒప్పందం. ప్లాస్టిక్ వాటికి అచ్చు అంచుల్లో పల్చటి పొర మిగిలి ఉంటుంది. యంత్రంతో చెక్కిన అల్యూమినియం ప్రొపెల్లర్లు వీటికంటే నయమే. అయినా బ్యాలెన్సర్ మీద పెట్టి చూడకుండా నమ్మడానికి లేదు.

అపోహ: ఇంత చిన్న వస్తువులో వీసమెత్తు తేడా ఉంటే ఏమవుతుంది?

ఇది లెక్కతో తేలే సంగతి. 2000 కేవీ మోటారుకు, అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 2000 చుట్లు తిరిగేదానికి, 14.8 వోల్టుల బ్యాటరీ ఇస్తే, భారం లేనప్పుడు నిమిషానికి 29,600 చుట్లు తిరుగుతుంది. ఒక రెక్క ఇంకో రెక్క కంటే 0.1 గ్రాము బరువుందనుకుందాం. ఆ అదనపు బరువు ఇరుసుకు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఆ వేగంలో అది షాఫ్ట్‌ను బయటికి లాగే బలం దాదాపు ఒకటిన్నర కిలోల బరువుతో సమానం. ఆ లాగుడు ఒకే దిక్కుకు కాదు, సెకనుకు 500 సార్లు చుట్టూ తిరుగుతూ లాగుతుంది. నీళ్ల భారం పడి వేగం 20 శాతం తగ్గినా ఇంకా కిలో దగ్గరే ఉంటుంది. వేగం రెట్టింపయితే ఈ బలం నాలుగు రెట్లవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. దాని దెబ్బ ముందుగా ప్రొపెల్లర్‌ను మోసే బుష్‌ల మీద పడుతుంది. అవి అరిగి షాఫ్ట్ వదులవుతుంది, మోటారు తిరుగుడును ప్రొపెల్లర్‌కు అందించే ఫ్లెక్స్ కేబుల్ తన గొట్టం లోపల కొట్టుకుంటుంది, బోటు లోపలి వైర్ల సోల్డరింగ్ ఊడిపోతుంది. బోటు పాతబడింది, అందుకే మోత అనుకునే చాలా సందర్భాల్లో కారణం ఈ 0.1 గ్రామే.

అపోహ: ముందు బ్యాలెన్స్ చేసి, ఆ తర్వాత పదును పెట్టాలి.

పదును పెట్టడమంటే లోహం తీయడమే. తీస్తే బరువు మారుతుంది కాబట్టి ముందు చేసిన బ్యాలెన్స్ అక్కడికక్కడే పోతుంది. మొదట ఒకసారి బ్యాలెన్సర్ మీద పెట్టడం మాత్రం మంచిదే. ఏ రెక్క బరువైనదో తెలిస్తే దాని మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుని, పదును పెట్టేటప్పుడు అటువైపు కాస్త ఎక్కువ తీయొచ్చు. సగం బ్యాలెన్స్ పదునుతోనే వచ్చేస్తుంది. మిగిలిన సగం ఆఖరున చూసుకోవాలి.

అపోహ: పదునంటే రెండు అంచులూ, రెండు వైపులా కత్తిలా చేయడం.

ఎక్కువ ప్రొపెల్లర్లు చెడిపోయేది ఇక్కడే, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను.

వేగపు బోట్లలో ప్రొపెల్లర్ పూర్తిగా మునగదు. పరుగందుకున్నాక సగం నీళ్లలో, సగం గాల్లో తిరుగుతుంది. అంటే ప్రతి చుట్టుకూ ప్రతి రెక్క ఒకసారి గాల్లోంచి నీళ్లలోకి దిగుతుంది. నిమిషానికి 24,000 చుట్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకు 800 సార్లు నీటి పైపొరను చీలుస్తోందన్నమాట. చీల్చే అంచు మొద్దుగా ఉంటే ప్రతిసారీ నీటిని చిమ్ముతుంది, మోటారు శక్తి ఆ చిమ్మడానికే పోతుంది. అందుకే ముందంచుకు పదును కావాలి.

ఇప్పుడు బోటు వెనక నిలబడి ప్రొపెల్లర్‌ను చూడండి. మీ వైపు కనిపించే ముఖమే నీటిని వెనక్కి నెట్టేది. పిచ్ అంతా, అంటే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలన్న కొలతంతా, ఆ ముఖంలోనే ఉంది. మీరు డబ్బిచ్చి కొన్నది ఆ వంపునే. దాని మీద ఆకురాయి పెట్టకూడదు. బోటు వైపు తిరిగి ఉండే ముఖం సంగతి వేరు. సగం మునిగి తిరిగే ప్రొపెల్లర్ రెక్క తనతో పాటు గాలిని నీళ్లలోకి తీసుకుపోతుంది, ఆ గాలి ఈ ముందు ముఖాన్ని కప్పేస్తుంది. కాబట్టి లోహం తీయాల్సింది ఈ వైపు నుంచే. పదునైనా, బ్యాలెన్స్ అయినా.

వెనకంచు జోలికి వెళ్లేవాళ్లు రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. చాలా రేసింగ్ ప్రొపెల్లర్ల వెనకంచు కావాలనే మందంగా ఉంటుంది. రెక్కను అడ్డంగా కోసి చూస్తే గొడ్డలి వాదర ఆకారం కనిపిస్తుంది: ముందు సన్నం, వెనక మందం. కొన్నిటికి ఆ వెనకంచు నెట్టే వైపుకు కొద్దిగా వంగి ఉంటుంది, దాన్ని కప్ అంటారు. నీరు రెక్కను వదిలే చివరి క్షణంలో ఇంకో నెట్టు ఇచ్చేది అదే. నునుపు చేద్దామని దాన్ని అరగదీస్తే ప్రొపెల్లర్ పిచ్ తగ్గినట్టే నడుస్తుంది, కారణం ఎంత వెతికినా దొరకదు.

చేసే పద్ధతి ఇదీ. రెక్క ముందు ముఖం మీద, అంచు పొడవునా మార్కర్‌తో నల్లగా పూయండి. చెక్క పట్టీకి తడిపిన ఎమెరీ పేపర్ చుట్టి, బొడ్డు (రెక్కలు అతుక్కునే నడిమి భాగం) దగ్గర నుంచి కొస దాకా ఒకే ఊపులో, ఒకే కోణంలో తీయండి. సిరా ఎక్కడ పోయిందో చూస్తే చేయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. నాలుగైదు ఊపులకోసారి రెక్క మార్చండి, లేకపోతే ఒకదాని మీదే పనంతా జరిగిపోతుంది. పదును వచ్చిందో లేదో వేలితో చూడొద్దు, తెగుతుంది. దీపం కింద అంచును మీకు ఎదురుగా పట్టుకోండి. మొద్దుగా ఉన్నచోట వెలుగు పడి తెల్లటి గీత మెరుస్తుంది. ఆ గీత బొడ్డు నుంచి కొస దాకా మాయమైతే పదును వచ్చినట్టే, అక్కడితో ఆపేయాలి. ఇంకా పల్చన చేస్తే అంచు మడత పడుతుంది. మన చెరువుల్లో పుల్లకో రాయికో ఒక్కసారి తగిలితే చాలు, కత్తిరించినట్టు నొక్కు పడుతుంది.

అపోహ: అన్ని బోట్ల ప్రొపెల్లర్లకూ ఇదే పదును.

కాదు. టగ్గులు, యుద్ధనౌకల నమూనాలకు వాడే ఇత్తడి ప్రొపెల్లర్లు పూర్తిగా నీళ్లలో మునిగి, నెమ్మదిగా తిరుగుతాయి. నౌకాదళ విభాగం ఎన్‌సీసీ కేడెట్లు నౌసైనిక్ క్యాంపుల కోసం తయారుచేసే పవర్ మోడళ్లలోనూ అలాంటి నౌకల నమూనాలుంటాయి. వాటి ముందంచు చిన్నగా గుండ్రం తిరిగి ఉండటమే మంచిది. నీరు కాస్త కోణం మారి వచ్చినా గుండ్రటి అంచు చుట్టూ సాఫీగా జారిపోతుంది, కత్తి అంచు దగ్గరైతే విడిపోయి సుడి తిరుగుతుంది. అలాంటి ప్రొపెల్లర్‌కు పోత గీతలు తీసి, రెక్కలు సమంగా ఉన్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది.

అపోహ: మోటారు కీచుమంటూ తిరుగుతోంది, బోటు కదలట్లేదు, అంటే కావిటేషన్.

గట్టు మీద ఎక్కువగా వినబడే మాట ఇదే. కావిటేషన్ అంటే రెక్క మీద ఒత్తిడి బాగా పడిపోయి నీరే ఆవిరి బుడగలుగా మారడం. చార్లెస్ పార్సన్స్ 1894లో నీళ్లకు దించిన టర్బీనియా అనే ఆవిరి టర్బైన్ ఓడ అనుకున్న వేగం అందుకోలేకపోయింది దీనివల్లే. ఆయన నీరు చుట్టూ తిరిగే ఒక చిన్న గొట్టం తయారుచేసి, అందులో రెండంగుళాల ప్రొపెల్లర్‌ను తిప్పి బుడగలను కళ్లతో చూశాడు. రెండంగుళాలంటే దాదాపు మన బోట్ల ప్రొపెల్లర్ల కొలతే. ఆ తర్వాత ఒక్క షాఫ్ట్‌కు బదులు మూడు షాఫ్టులు, ఒక్కోదానికి మూడేసి ప్రొపెల్లర్లు పెట్టాడు. 1897లో స్పిట్‌హెడ్ నౌకా ప్రదర్శనలో ఆ ఓడ అందరి కళ్లముందూ మిగతా నౌకలను దాటి దూసుకుపోయింది.

మన వేగపు బోట్లు కదిలే ముందు కీచుమనడం చాలాసార్లు కావిటేషన్ కాదు. పైనుంచి గాలి లాగేసుకోవడం, అంటే వెంటిలేషన్. ఆ ప్రొపెల్లర్‌ను గాలితో కలిసి పనిచేసేట్టే తయారుచేశారు కాబట్టి గాలిని పూర్తిగా ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. ప్రొపెల్లర్‌ను పట్టి ఉంచే స్ట్రట్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి దించడం, దాని కోణం సరిచూడటం మొదటి మందు. సరైన పదును రెండో మందు. పదునైన అంచు నీటిని త్వరగా పట్టుకుంటుంది, బోటు నీటి మీదికి లేవడానికి తీసుకునే సమయం తగ్గుతుంది.

అపోహ: బ్యాలెన్సర్ మీద అడ్డంగా నిలిచిందంటే పని అయిపోయినట్టే.

అయస్కాంతపు బ్యాలెన్సర్‌లో సన్నటి ఇరుసు దాదాపు రాపిడి లేకుండా నిలుస్తుంది, చిన్న తేడాకు కూడా తిరుగుతుంది. అది లేకపోతే రెండు కొత్త బ్లేడ్లను సమాంతరంగా, ఒకే ఎత్తులో నిలిపి, రంధ్రానికి బిగుతుగా సరిపోయే నిటారైన కడ్డీతో చూడొచ్చు. ప్రొపెల్లర్‌ను అడ్డంగా పెట్టి చూసి ఆపేస్తారు చాలామంది. నిలువుగా కూడా పెట్టి చూడాలి. అడ్డంగా కదలకుండా ఉండి, నిలువుగా పెట్టగానే ఒక పక్కకు వాలిందంటే బరువు బొడ్డులో ఒక వైపు ఉన్నట్టు. అప్పుడు రెక్కలను ముట్టుకోకుండా బొడ్డు మీదే ఆ వైపు కాస్త అరగదీయాలి.

ఇవన్నీ నిలబడి ఉన్న ప్రొపెల్లర్‌కు చేసే పరీక్షలు. రెండు రెక్కల బరువు సమంగా ఉండి పిచ్ వేరుగా ఉంటే, నీళ్లలో ఒకటి ఎక్కువ నెడుతుంది, ఇంకోటి తక్కువ. వణుకు అలాగే ఉంటుంది. బల్ల మీద ప్రొపెల్లర్‌ను పడుకోబెట్టి, రెండు రెక్కల అంచులూ ఒకేచోట బల్ల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిస్తే తేడా బయటపడుతుంది. రంధ్రం షాఫ్ట్‌కు వదులుగా ఉన్నా, షాఫ్ట్ కాస్త వంగినా ఎంత బ్యాలెన్స్ చేసినా దండగే.

బరువు తగ్గించడానికి రెక్క కొస కత్తిరించడం, తేలిక రెక్కకు జిగురు అంటించడం, రెండూ తప్పే. మొదటిది రెక్కల పొడవులో తేడా తెస్తుంది. రెండోది నీళ్లలో ఎగిరిపోతుంది.

అద్దంలా మెరిస్తే వేగం పెరుగుతుందన్నది కూడా సగమే నిజం. ఆకురాయి గీతలు పోవాలి, ముఖ్యంగా రెక్క బొడ్డును కలిసేచోట. అక్కడి అడ్డ గీతలోంచే పగులు మొదలై రెక్క విరిగి ఎగిరిపోవచ్చు. ఆ మూలను భూతద్దంతో చూడటం అలవాటు చేసుకోవాలి. అంతకు మించి బఫ్ చక్రం మీద మెరుగు పెడితే, అంత ఓపికతో తెచ్చిన పదునును ఆ మెత్తటి గుడ్డే గుండ్రం చేసేస్తుంది.

అపోహ: కొంచెం పెద్ద ప్రొపెల్లర్ వేస్తే కొంచెం ఎక్కువ వేగం వస్తుంది.

ఆక్టురా ఎక్స్442 అంటే వ్యాసం 42 మిల్లీమీటర్లు, పిచ్ దానికి 1.4 రెట్లు, అంటే 58.8 మిల్లీమీటర్లు. ఒకే ఆకారంలో వ్యాసం పెరిగితే, అదే చుట్ల వేగానికి కావలసిన శక్తి వ్యాసపు ఐదో ఘాతంతో పెరుగుతుంది. 42 నుంచి 45కు వెళ్తే చూడ్డానికి మూడు మిల్లీమీటర్లే, శక్తి మాత్రం 40 శాతం పైగా అదనంగా కావాలి. ఆ భారం మోటారు, స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీల మీద వేడిగా తేలుతుంది. ఉన్న ప్రొపెల్లర్‌కే సరిగ్గా పదును పెట్టి చూడటం ఖర్చులేని మొదటి మెట్టు. ప్రొపెల్లర్ మార్చినా, పని చేసినా, మొదటి పరుగు ఒక నిమిషంలోపే ముగించి ఆ మూడింటి వేడీ చూసుకోవాలి.

అపోహ: అరగదీస్తే రాలేది రాగి పొడే కదా, ఏం కాదు.

బెరీలియం కాపర్‌లో బెరీలియం కొద్ది శాతమే. ఆ కొంచెమే ప్రమాదం. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కొందరికి బెరీలియం జబ్బు వస్తుంది. అది ఏళ్ల తర్వాత బయటపడొచ్చు, పూర్తిగా నయం కాదు. బెరీలియాన్ని క్యాన్సర్ కారకంగా కూడా గుర్తించారు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2017లో పని చోట గాలిలో ఉండదగ్గ బెరీలియం పరిమితిని ఘనపు మీటరుకు 2 మైక్రోగ్రాముల నుంచి 0.2కు తగ్గించింది. అంటే కంటికి కనిపించే పొగలా లేస్తే పరిమితి ఎప్పుడో దాటిపోయింది. ఇంకో వైపు, ప్రొపెల్లర్‌ను ముట్టుకోవడానికే భయపడాల్సిన పనీ లేదు. ముద్దగా ఉన్న లోహం వల్ల హాని లేదు, హానంతా ధూళితోనే.

కాబట్టి దీన్ని పొడిగా అరగదీయకూడదు. చేతి గ్రైండర్‌తో గాల్లోకి చిమ్మించడం అసలే వద్దు. నీళ్ల తొట్టిలో ముంచి, తడి ఎమెరీ పేపర్‌తో చేత్తోనే తీయాలి. ముక్కుకు కట్టే చేతిరుమాలు చాలదు, పీ100 ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. బల్లను తడి గుడ్డతో తుడవాలి, ఊదకూడదు, చీపురు పెట్టకూడదు. ఆ గుడ్డను, వాడిన పేపర్‌ను తడిగా ఉండగానే సంచిలో కట్టి మూసేయాలి. పనిలో వేసుకున్న బట్టలను ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతక్కూడదు. వంటింట్లోనూ, పిల్లలు తిరిగే గదిలోనూ ఈ పని పెట్టుకోవద్దు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అల్యూమినియం ప్రొపెల్లర్ మీద చేయి తిప్పుకోవడం మేలు. అది మెత్తన, త్వరగా వస్తుంది, పాడైనా ఖర్చు తక్కువ, అందులో బెరీలియం ఉండదు.