ఇంజన్ విప్పే ముందు

అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసిన అలవాటున్నవాళ్లకి ఎంజీబీ ఇంజన్ పరాయిగా అనిపించదు. ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ స్పోర్ట్స్ కారుదీ, బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన మన అంబాసిడర్‌దీ ఒకే ఇంజన్ వంశం. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌ నుంచి వచ్చినవే. అంబాసిడర్‌ది 1489 సీసీ, ఎంజీబీది 1798. పిస్టన్ పైకీ కిందికీ ఆడే దూరం రెండిట్లోనూ 88.9 మిల్లీమీటర్లే. సిలిండర్ వ్యాసాన్ని మాత్రం 73 నుంచి 80.26 మిల్లీమీటర్లకు పెంచారు. బ్లాకులో చోటు చాలక సిలిండర్లు రెండేసి చొప్పున అతుక్కుపోయాయి, వాటి నడుమ నీళ్లు తిరిగే సందు లేకుండా పోయింది. అందుకే ఎంజీబీలో రేడియేటర్‌ని అశ్రద్ధ చేయకూడదు.

ఐదు లక్షలకు పైగా అమ్ముడైన కారు కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. చిక్కల్లా అక్కడే వస్తుంది. సామాన్లు దొరుకుతున్నాయి కదా అని అక్కర్లేని ఇంజన్లు కూడా విప్పేస్తుంటారు. కారు కాస్త పొగ కొట్టగానే ‘బోరుకొచ్చింది’ అని తీర్పు చెప్పేయడం మన దగ్గరా ఉన్న జబ్బే.

పొగలో తేడాలున్నాయి. గేరులో లాగుతున్నంతసేపూ నీలంగా వస్తుంటే రింగులు, సిలిండర్లు అరిగాయని అనుమానించాలి. పల్లంలో యాక్సిలరేటర్ వదిలి దిగి, మళ్లీ తొక్కగానే గుప్పున ఒకసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ గైడ్‌ల పని, హెడ్డు ఒక్కటి దించితే చాలు. నల్లపొగ అయితే కార్బురేటర్లు పెట్రోలు ఎక్కువ ఇస్తున్నాయన్నమాట, ఇంజన్ జోలికే పోనక్కర్లేదు. తెల్లగా ఆవిరి కొడుతూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్టో, హెడ్డులో పగులో అయివుండాలి.

ఆ తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కీ గేజ్ పెట్టి స్టార్టర్ తిప్పుతారు. అంకె ఎంత వచ్చిందన్నదాని కన్నా నాలుగింటి మధ్య తేడా ఎంతన్నదే ముఖ్యం. తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే ఆయిల్ రింగుల సందు మూసిందన్నమాట, లోపం రింగుల్లోనో సిలిండర్‌లోనో ఉంది. పెరగకపోతే లోపం వాల్వులదో గాస్కెట్‌దో. వేడెక్కిన ఇంజన్ రోడ్డు మీద పోతున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పౌండ్ల మధ్య ఉంటూ, కంప్రెషన్ నాలుగింట్లోనూ దగ్గరదగ్గరగా వస్తే ఆ ఇంజన్ని విప్పకపోవడమే దానికి చేసే మేలు.

విప్పక తప్పనప్పుడు మొదట చూడాల్సింది ఇంజన్ మీది నంబరు. 1964 దాకా ఈ ఇంజన్‌లో క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు మూడు, ఆ తర్వాత ఐదు. కారు పుట్టిన సంవత్సరాన్ని నమ్ముకోకూడదు, ఇన్నేళ్లలో ఇంజన్ మారిపోయి ఉండొచ్చు. నంబరు 18జీ, 18జీఏ అని మొదలైతే మూడు బేరింగులది, 18జీబీ, ఆ పైవైతే ఐదుది.

హెడ్డు దించాక సిలిండర్ అంచుకు కొంచెం కింద గోరుతో రాయండి. అరిగిన ఇంజన్ అయితే అక్కడ చిన్న గట్టు తగులుతుంది. పై రింగు అంతవరకే వస్తుంది కాబట్టి ఆ పైభాగం అరగదు, కిందిది అరుగుతుంది. అరుగుదల గుండ్రంగా కూడా ఉండదు. పిస్టన్ పక్కలకు ఒత్తే దిశలో ఎక్కువ, దానికి అడ్డంగా తక్కువ. అందుకే బోర్ గేజ్‌తో పైన, నడుమ, కింద, ఒక్కో చోట రెండు దిశల్లో కొలుస్తారు. కొలవకుండానే కొత్త రింగులు వేసేవాళ్లున్నారు. కోడిగుడ్డులా సాగిన సిలిండర్‌లో కొత్త రింగు నాలుగు వైపులా ఆనదు, డబ్బు దండగ. బోరింగ్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడమే దారి. పిస్టన్లు ముందు కొని, వాటిని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేసే లేత్ షాపునే నమ్మాలి. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ బ్లాకులకు బోరు తీసిన పాత మెకానిక్కులకి ఇది చెప్పాల్సిన పని లేదు.

క్రాంక్ గ్రైండింగ్ అయి వచ్చాక అసలు పరీక్ష శుభ్రతది. క్రాంక్ లోపల ఆయిల్ పారే సన్నని రంధ్రాలుంటాయి. ఏళ్ల నాటి మడ్డికి తోడు గ్రైండింగ్ పొడి కూడా వాటిలో చేరుతుంది. సన్నటి బ్రష్షుతో తోమి, కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టాలి. తెల్లగుడ్డతో తుడిస్తే మచ్చ పడనంత వరకూ ఆపకూడదు. కొత్త ఇంజన్ కొద్ది రోజులకే బేరింగులు తినేసిందంటే నేను ముందు అనుమానించేది ఈ పొడినే.

బేరింగు సందు చూడటానికి ప్లాస్టిగేజ్ అనే మెత్తటి దారం ఉంది. చిన్న ముక్కని క్రాంక్ మీద పరిచి, బేరింగు మూత సరైన టార్కుతో బిగించి, క్రాంక్ తిప్పకుండా మళ్లీ విప్పాలి. దారం చదునై అతుక్కుని ఉంటుంది. ఎంత వెడల్పయిందో పొట్లం మీది కొలతతో పోల్చితే సందు తెలుస్తుంది. అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండున్నర వంతుల దాకా ఉంటే చాలు.

హెడ్డుని పగుళ్ల పరీక్షకి పంపాకే దాని మీద డబ్బు ఖర్చు పెట్టాలి. ఈ హెడ్డులో రెండో, మూడో సిలిండర్ల పొగ ఒకే దారిలో బయటికి పోతుంది. అక్కడి ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ వేడి ఎక్కువ, పగుళ్లు వచ్చేదీ అక్కడే. ఆ కాలపు పెట్రోలులో సీసం కలిపేవారు, అది వాల్వు సీట్లకి కవచంలా ఉండేది. మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ 2000 నాటికి సీసం పెట్రోలు పోయింది. హెడ్డు ఎలాగూ షాపులో ఉంటుంది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించేస్తే మంచిది.

కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తే మొదటి ఇరవై నిమిషాలే దాని జాతకం. ఈ ఇంజన్‌లో టాపెట్ కిందిభాగం క్యామ్ మీద నేరుగా రాసుకుంటుంది. స్లోలో క్యామ్ మీదికి ఆయిల్ సరిగ్గా చిమ్మదు. అందుకే స్టార్ట్ కాగానే 2000 ఆర్‌పీఎం పైకి తెచ్చి, ఇరవై నిమిషాలు అక్కడే పైకీ కిందికీ ఆడిస్తారు. నీళ్లు, ఆయిల్, టైమింగ్ అన్నీ ముందే సరిచూసుకుని, ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ ప్రెషర్ ఎక్కించాకే తాళం తిప్పాలి. స్టార్టయ్యాక కార్బురేటర్లతో కుస్తీ పడుతూ స్లోలో నడిపించారో, క్యామ్ మళ్లీ కొనాల్సిందే.

ఆ రాపిడి వల్లే ఆయిల్ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ఆధునిక కార్ల పలుచటి ఆయిల్స్‌లో జింక్ తగ్గించారు, అది ఎక్కువైతే సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని. ఎంజీబీకి జింక్ తగినంత ఉన్న 20డబ్ల్యూ-50 వాడాలి, ఖరీదైన సింథటిక్ అక్కర్లేదు.

టాపెట్లు సరిచేయడం ఇంట్లోనే అయ్యే పని. ఎనిమిది వాల్వులున్నాయి కాబట్టి తొమ్మిది లెక్క గుర్తుంటే చాలు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది సర్దాలి. తొలి మోడళ్లకి చల్లటి ఇంజన్ మీద సందు 0.015 అంగుళం. ఫీలర్ గేజ్ కాస్త పట్టుగా జారాలి. టకటక చప్పుడు అస్సలు రాకుండా చేయాలని బిగించేవాళ్లని చూస్తే భయమేస్తుంది. సందు లేని వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది. కొంచెం చప్పుడు ఉండనివ్వండి.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడి కారతాయి, ఇథనాల్‌కి తట్టుకునే పైపులు మార్చుకోవాలి.

ఇక షెడ్డులో పెట్టి, వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేసే అలవాటు మానుకోవాలి. ఇంజన్ లోపల చేరిన తేమా, కాలని పెట్రోలూ ఆవిరయ్యేంత వేడి ఐదు నిమిషాల్లో రాదు, అదంతా ఆయిల్‌లోనే మిగిలిపోతుంది. స్టార్ట్ చేస్తే అరగంట రోడ్డు మీద తిప్పి తీసుకురండి. అంత తీరిక లేని వారం బ్యాటరీ తీగ ఊడదీసి వదిలేయండి.