తీన్‌మార్ వెనుక చేతులు

"తీన్‌మార్" అన్న మాట యెరుగని తెలుగు యిల్లు యీనాడు లేదంటే అతిశయోక్తి కాదు. 2011లో ఆ పేరుతో సినిమా వచ్చింది. టెలివిజన్‌లో ఆ పేరు తగిలించి వార్తలు చెప్పారు. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకు స్నేహితులు కాలు కదిపితే అది తీన్‌మారే. మూడు దెబ్బలు అని దాని అర్థం. మాట అందరి నోటా వుంది. ఆ దెబ్బ వేసే చేతుల సంగతి తలచేవారు మాత్రం తక్కువ.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బ్రతికేవాణ్ణి. కాపురం ఫలక్‌నుమాలో. 1884లో కట్టడం మొదలుపెట్టిన కొండమీది మహలు 2010 నుంచి హోటలై, దేశదేశాల అతిథులను ఆదరిస్తూ వుంది. కొండ క్రింద మా గల్లీలో మాత్రం సాయంత్రమయ్యేసరికి మర్ఫా సాధన వినిపిస్తుంది. పాతబస్తీ తీన్‌మార్‌కు యీ మర్ఫా దగ్గరి చుట్టం.

మర్ఫా నడిచి వచ్చిన దారి చాలా పెద్దది. మా పేటకు దగ్గరలోనే బార్కస్ వుంది. నిజాం కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బారకాసులే ఆ పేటకు పేరయ్యాయి. నగరంలో మరోపక్క ఏ.సి. గార్డ్స్ వుంది. ఆ రెండు పొడి అక్షరాలకు "ఆఫ్రికన్ కావల్రీ" అని విస్తరణ. నిజాం అశ్వదళంలో పనిచేసిన సిద్దీలు అక్కడ కాపురమున్నారు. డఫ్‌లూ, గిన్నెల్లాంటి చిన్న నగారాలూ, లోహపు బిందే, కర్రలూ పట్టుకుని వీరంతా పండుగకూ పెళ్ళికీ వాయించి ఆడుకున్నదే మర్ఫా. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తరువాత ఆ దళాలు రద్దయ్యాయి. జీతం పోయిన యిళ్ళలో కొందరికి మిగిలింది చేతిలోని తాళమే. వేడుకగా వున్నది వృత్తి అయింది.

మా గల్లీలో ఒక జట్టు పెద్ద వున్నాడు. పిల్లలు ఉస్తాద్ అంటారు, నేను చాచా అంటాను. ఆయన గోడమీద ఉర్దూ క్యాలెండరూ, తెలుగు పంచాంగం క్యాలెండరూ పక్కపక్కన వేలాడుతుంటాయి. కారణం లేకపోలేదు. మొహర్రంలోనూ రంజాన్‌లోనూ ముస్లింల యిళ్ళలో పెళ్ళిళ్ళుండవు. ఆషాఢంలో హిందువుల యిళ్ళలో వుండవు. కాని ఆషాఢంలో బోనాలున్నాయి; భాద్రపదంలో వినాయకుడున్నాడు. మనకు అధికమాసం వుంది, హిజ్రీ లెక్కకు లేదు. అందువల్ల ఆ నెలలు యేటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతాయి. 2025లో ఆషాఢమూ మొహర్రమూ ఒక్కరోజు తేడాతో జూన్ చివర మొదలయ్యాయి. రెండు మతాల పెళ్ళిళ్ళూ ఒక్కసారే ఆగిపోయిన ఆ నెలలో తన జట్టుకు అన్నం పెట్టింది అమ్మవారేనని చాచా యీనాటికీ చెబుతాడు.

జట్టులో యెనిమిదిమంది. వచ్చిన డబ్బులో వాద్యాల మరమ్మతుకు ఒక పాలు తీసి, తక్కినది సమంగా పంచుతాడు. పగలు ఒకడు ఆటో నడుపుతాడు, ఒకడు వెల్డింగు చేస్తాడు. రాత్రి వాయించే చేతిని పగలు కాపాడుకోవడమే వీరికి పెద్ద చింత. 2020లో పెళ్ళిళ్ళు ఆగాయి, ఆటో కూడా ఆగింది. "డఫ్‌లు గోడకున్నయి, మేం గోడ చూస్కుంట కూసున్నం సార్" అన్నాడు చాచా ఆ సంవత్సరాన్ని గురించి.

పాతదాన్ని పట్టుకుని వేలాడే మనిషి కాదాయన. తోలు వాన తడికి సడలుతుంది, వాయించే ముందు మంటకు కాచాలి. ప్లాస్టిక్ పొర వేసి ఆ బాధ తప్పించాడు. క్యాసియో కొని తోపుడుబండి మీద పెట్టించాడు. సినిమా పాటలకు తాళం కట్టాడు. తెలుగు పెళ్ళివారు కోరితే బతుకమ్మ చప్పట్ల నడక నేర్చి వాయించాడు. యింత చేసినా, ఒక్క డీజే పెట్టె వచ్చి యెనిమిదిమంది కూలి ఎగరేసుకుపోయింది. 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాదు పోలీసులు నిషేధించాక కొంత ఊపిరి ఆడింది.

యిక ఆయన చదువు చెప్పే తీరు చూడాలి. మొదటి నెల పిల్లవాడికి డఫ్ యివ్వడు. నోటితో జతులు పలికిస్తాడు, మోకాలిమీద వాయింపిస్తాడు. జీతం పుచ్చుకోడు. ఆయన మనుమడు మా కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు, నా తరగతిలోనే. ఆ కుర్రవాడు ఒక కొత్త పని తలపెట్టాడు. తాత నోటి జతులన్నీ తెలుగు లిపిలో ఒక నోటుబుక్కులోకి ఎక్కించాడు. నేను నేర్పిన ఛందస్సు ప్రకారం గురువులకూ లఘువులకూ గుర్తులు పెట్టి తెచ్చి చూపించాడు. నాకు యెంతో ముచ్చట వేసింది. తాతకు వేయలేదు.

"తోలు పోయి ప్లాస్టిక్ వచ్చింది, నేనేం అనలే. పాట మారింది, అదీ అనలే. దెబ్బకూ దెబ్బకూ నడుమ జాగా వుంటది చూడు సార్, అది యీ బుక్కుల యేడున్నది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న పండితుడు అడగవలసింది. సంస్కృత ఛందస్సులో యతి అంటే విశ్రాంతి. మన తెలుగులో అది అక్షరాల మైత్రిగా మారింది. గురువుకు గుర్తుంది, లఘువుకు గుర్తుంది. నిశ్శబ్దానికి మన పిల్లలు నేర్చే గుర్తేదీ లేదు. మనుమడు నాలుగు రోజులు ఆలోచించి, జాగా వున్నచోటల్లా చిన్న సున్న చుట్టాడు. జాగా పెద్దదైతే రెండు సున్నలు. తాత ఆ పుస్తకాన్ని ముట్టలేదు గాని, మనుమడు దాన్ని చూసి వాయిస్తుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. ఒకచోట మాత్రం "యింకో సున్న పెట్టు" అన్నాడు. అంతకంటె ఒప్పుకోలు ఆయన దగ్గర ఆశించలేము.

కాలంతో మారక వాద్యకారుడికి పూట గడవదు. యేది మార్చకూడదో తెలిసినవాడే గురువు. ఆ రెండూ ఒక్క మనిషిలో వుండడం వల్లనే మర్ఫా బ్రతికి వుంది. అయితే బ్రతికించే భారమంతా ఆయన మీదనే వేయడం న్యాయం కాదు. యీసారి మీ యింటి పెళ్ళికి జట్టును పిలిచినప్పుడు బేరం కొంచెం తగ్గించి ఆడండి. సినిమా పాటలు అయిన తరువాత, ఒక్క పది నిమిషాలు అచ్చమైన మర్ఫా వాయించమని అడగండి. అడిగేవారుంటే, ఆ నోటుబుక్కులో సున్నలు పెట్టడానికి యింకా చాలా జాగా వుంది.