బ్యాటరీ మార్చే ముందు డైనమో చూడండి

హోసూరు చుట్టుపక్కల పూలు, కూరగాయలు పండించే మన తెలుగువారిలో పాత పికప్ బండి మీదే ఆధారపడినవారు ఉన్నారు. తెల్లవారుజామున సెల్ఫ్ తిరగకపోతే సరుకు మార్కెట్టుకు చేరదు. ఆ కంగారులో కొత్త బ్యాటరీ కొంటారు. లోపం డైనమోలో ఉంటే అదీ నాలుగు రోజుల్లో డౌన్ అవుతుంది. అందుకే సభ్యులకు మేము చెప్పేది ఒకటే: ముందు మల్టీమీటరు పెట్టి చూడండి.

రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2కు దిగితే సుమారు సగమే. ఇంజను స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి.

పెరగకపోతే ముందు ఖర్చులేనివి చూడాలి: బెల్టు వదులైందా, టెర్మినళ్ల మీద తెల్లటి పూత పేరుకుందా, ఎర్తు వైరు గట్టిగా ఉందా. తాళం తిప్పగానే బ్యాటరీ లైటు వెలగకపోతే బల్బు చూడండి. చాలా పాత బండ్లలో ఆ బల్బు గుండా కరెంటు వెళితేనే డైనమో ఛార్జింగు మొదలుపెడుతుంది. ఇవన్నీ బాగుంటే బ్రష్‌లు, డయోడ్లు, రెగ్యులేటరు మెకానిక్కు చూపించాలి. రీడింగు 15 దాటితే అనుమానం రెగ్యులేటరు మీదే; బ్యాటరీలో నీళ్లు ఇగిరిపోతాయి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూసే పాత అలవాటు మాత్రం వద్దు. డయోడ్లు కాలిపోవచ్చు.

రీడింగులు చీటీ మీద రాసి తీసుకెళ్లండి. అంకెలకు భాష అడ్డు రాదు. అక్కరలేని ఖర్చూ తప్పుతుంది.