జఠరద్వారము ఎందుకు మూసికొనును?

నక్కపల్లి పాఠశాలలో మధ్యాహ్నమున బాలబాలికలు భుజించిన అన్నము, జఠరరసముతో కలిసి చిలుకబడి ద్రవప్రాయమై, జఠరము దిగువకొననున్న ‘పైలోరస్’ అను కండరద్వారము గుండ కొంచెము కొంచెముగా చిన్నప్రేగునకు దిగి, సుమారు నాలుగు గంటలలో చాలవరకు జఠరమును విడిచిపోవును. ఆ ద్వారమునకు అడ్డు వచ్చినచో?

జఠరకుడ్యమున ద్వారముచెంత పుట్టిన కణితి సామాన్యముగ దానిని చుట్టుముట్టి ఇరుకు చేయును. కాని అరుదుగ, కాడతో వ్రేలాడు కణితిని జఠరము తన సంకోచతరంగములచే ఆహారమును త్రోసినట్లే ముందునకు త్రోయగా, అది ద్వారమును దాటి, తన వెంట జఠరకుడ్యమును సైతము, చొక్కాచేయి లోపలికి మడతపడిన తీరున, చిన్నప్రేగులోనికి ఈడ్చుకొనిపోవును. వైద్యులు దీనిని ఇంటస్ససెప్షన్ అందురు. పసిబిడ్డలలో ప్రేగు ప్రేగులోనికి చొచ్చుట అంత వింత కాదు. జఠరమే ప్రేగులోనికి దిగుట మాత్రము మిక్కిలి అరుదు. ఒక్కొక్కప్పుడు కణితి తానై వెనుకకు జారుటచే నొప్పియు, వాంతులును వచ్చుచు పోవుచుండును. అందుచేతనే రోగమును గుర్తించుట కష్టము.

ద్వారము పూర్తిగ మూసికొన్నచో తిన్నది గంటల తరువాత వాంతియగును. పైత్యరసము ద్వారమునకు ఆవల కలియును గనుక అందు పసరు కానరాదు.

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రాత్ ద్వారమున కణితిగల ఒక స్త్రీకి ఆ భాగమును కోసివేసి, మిగిలిన జఠరమును చిన్నప్రేగుతో కుట్టెను. అంతకుముందు ఇతరులు చేసిన ప్రయత్నములలో రోగులు దక్కలేదు. ఈమె కోలుకొని, భుజింపగలిగి, కొన్ని నెలలు జీవించెను. ఆ కొన్ని నెలలే వైద్యచరిత్రలో మహత్తర విజయమని నా అభిప్రాయము.

నేడు నోటిగుండ ఎండోస్కోపును దించి ద్వారమును కన్నులార చూడవచ్చును. నక్కపల్లివారికి ఆ పరీక్షయు, శస్త్రచికిత్సయు విశాఖపట్నపు కింగ్ జార్జి ఆసుపత్రిలో లభించును.